పన్నెండో అర

"పుస్తకంలోని పొరపాటు దిద్దావమ్మా, సంతోషం. కానీ పెట్టె ఆయనది కదా" అన్నాడు మధ్య కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి.

కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. భాగ్యరేఖకి ఆ జాలే మింగుడుపడలేదు.

పీహెచ్‌డీ సీటు కోసం ఆమె నాగపూర్ దాటి వెళ్లింది. అడ్జాయింట్ ఫంక్టర్లు అనే విషయం మీద పది పేజీల వ్యాసం రాసి ముందే పంపింది. ఇంటర్వ్యూ గదిలో ఆ వ్యాసం పక్కనే ఒక నీలి అట్ట పుస్తకం పెట్టి ఉంది. రాసింది శశిధర్. భిలాయిలో ఆమెకి ఎమ్మెస్సీ లెక్కలు చెప్పిన మాస్టారు. నలభై ఒకటో పేజీ తెరిచి ఆమె ముందుకి తోశారు. షిమ్ములనే ఇనుప రేకు ముక్కల పెట్టె. మూడు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల సందు. ఆ సందుకి పెట్టెలోంచి ఏ షిమ్ము తీయాలన్న ప్రశ్న. అన్నీ ఆమెవే. పేరు మాత్రం ఆమెది కాదు.

"అది మా నాన్న పెట్టె సార్" అంది హిందీలో.

"పెట్టె ఎవరిదైనా కావచ్చు. ముందు రాసినవారు ఎవరన్నదే మాకు కావాలి" అన్నారు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. వ్యాసం ఇంకొకరి రచన నుంచి ఎత్తి రాసినట్టు అనుమానం ఉంది, అది తీరేదాకా దరఖాస్తు పక్కన పెడుతున్నాం అని. ఆ ఉత్తరాన్ని భాగ్యరేఖ నాలుగు మడతలు పెట్టి, తను కొనుక్కొచ్చిన నీలి పుస్తకంలో నలభై ఒకటో పేజీ దగ్గర దాచుకుంది. దొంగతనం చేసినవాడి పేరు అట్ట మీద మెరుస్తోంది. దొంగ అన్న మాట తన పేరు పక్కన పడింది.

శశిధర్‌కి ఫోన్ చేసింది.

"నా నోట్‌బుక్కులోంచే రాశారు సార్ మీరు."

"ఏ నోట్‌బుక్? చూడమ్మా, ఇలాంటి మాటలు ఊరికే అనకూడదు. ప్రూఫ్ ఉందా? ఉంటే పట్టుకురా. లేదంటే మంచి అమ్మాయిలా వేరే పని చూసుకో."

ఆ 'మంచి అమ్మాయి' చెవిలో ఉండిపోయింది. ఇడ్లీ పిండి రుబ్బుతుంటే గ్రైండర్‌లో తిరుగుతున్నది శశిధరే అనుకునేది. ఇంకో చెంబు నీళ్లు పోసి మళ్లీ తిప్పేది. పిండి మరీ జావయిపోతోందని తల్లి గున్నమ్మ గొడవ.

జరిగింది ఇదీ. రెండేళ్ల కిందట ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో భాగ్యరేఖకి ఆ పాఠం కొరుకుడు పడలేదు. పుస్తకంలో బాణాలు, గుర్తులు, ఒక లోకం నుంచి ఇంకో లోకానికి వెళ్లే దారులు, తిరిగొచ్చే దారులు. ఎందుకొచ్చాయో అర్థం కాలేదు. ఒకరోజు తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని సుపేలాలో పిండిమిల్లుకి వెళ్లింది. తండ్రి గురునాథరావు స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫిట్టరుగా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోక పిండిమిల్లుల మోటార్లు, పంపుసెట్లు సరిచేస్తుంటాడు. మోటారు కాలికీ కింద దిమ్మకీ మధ్య సందు ఉంటే, ఆ సందులోకి ఇనుప రేకు ముక్క దూర్చి ఎత్తు సరిచేస్తారు. దాన్నే షిమ్ము అంటారు. వాటికోసం ఆయన టేకు చెక్కతో ఒక పెట్టె చేసుకున్నాడు. ఒక మిల్లీమీటరు నుంచి ఆరు దాకా, పావు పావు తేడాతో, ఒక్కో మందానికి ఒక్కో అర.

ఆ మధ్యాహ్నం ఆయన ఫీలర్ గేజి పెట్టి సందు కొలవడం, పెట్టెలో చెయ్యి పెట్టడం, ఒకటి తీసి ఇంకొకటి మానడం ఆమె చూస్తూ నిలబడింది. క్యారేజీ చల్లారిపోయింది. ఇంటికి రాగానే పొడుగు నోట్‌బుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది.

రెండు లోకాలున్నాయి అని రాసింది. ఒకటి పెట్టె. అందులో కొన్ని మందాలే ఉంటాయి. రెండోది బయట. అక్కడ సందులు ఎంతైనా ఉండొచ్చు. పెట్టెలోంచి బయటికి వెళ్లడం సులువు. మూడున్నర షిమ్ము ఎక్కడికి వెళ్లినా మూడున్నరే. బయటినుంచి పెట్టెలోకి తిరిగి రావడమే కష్టం. మూడు పాయింట్ ఎనిమిది సందుకి అచ్చంగా సరిపడే షిమ్ము పెట్టెలో ఉండదు. ఉన్నవాటిలో మేలైనదాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపికే అడ్జాయింట్. పెట్టె తెరిచి, షిమ్ముల మీది అంకెలన్నీ వరసగా నోట్‌బుక్కులోకి దింపింది. మేలైనదంటే దగ్గరది, కాబట్టి నాలుగు, అని కింద గీత గీసింది.

మర్నాడే ఆ నోట్‌బుక్కు శశిధర్‌కి ఇచ్చింది.

తర్వాత నాలుగు రోజులకి, తండ్రి అన్నం తింటుంటే ఆ లెక్క చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు. ముద్ద మింగాక, "నాలుగు ఎలగ దూరుద్దమ్మా?" అన్నాడు.

"దగ్గరది అదే కద నాన్నా."

"దగ్గరదైతే ఏటి? సందులో ఎక్కదు. దూరేవాటిలో పెద్దది తియ్యాల."

"మరెప్పుడూ కిందిదేనా తీస్తారు?"

"ఎప్పుడూ ఏల? బరువుకి ఆనింపు పెట్టేటప్పుడు అలగ కాదు. తక్కువైతే జారిపోద్ది. తక్కువ కానివాటిలో సిన్నది పెడతాం." అని మజ్జిగ పోసుకున్నాడు.

అంతే. ఆయన ఒక వారానికి సరిపడా మాట్లాడేశాడు. భాగ్యరేఖ తిండి మాని కూర్చుండిపోయింది. వెళ్లే దారి ఒక్కటే. వచ్చే దారులు రెండు. ఒకటి కిందివైపుకి ఒరుగుతుంది, ఒకటి పైవైపుకి. రెండూ దగ్గరతనం చూడవు. మాట నిలబడిందా లేదా చూస్తాయి. పెట్టెలోంచి ఏ షిమ్ము ఎత్తినా, 'ఇది ఆ సందులో దూరుతుందా' అని బయట అడగొచ్చు. లేదా 'ఇది మనం ఎంచుకున్న షిమ్ము కంటే మందం కాదు కదా' అని పెట్టెలోనే అడగొచ్చు. రెండు ప్రశ్నలకీ ప్రతిసారీ ఒకటే జవాబు రావాలి, అదే ఆ మాట. బయట అడగాల్సిన ప్రశ్న, ఇంట్లో కూర్చుని అడిగితే చాలు. అదీ అడ్జాయింట్ అంటే. నాలుగుని ఎంచుకుంటే ఆ మాట చెడుతుంది. పెట్టెలో లెక్క ప్రకారం నాలుగు సరే, సందులో మాత్రం దూరదు.

దిద్దుకుందామని శశిధర్ దగ్గరికి పరిగెత్తింది.

"ఆ నోట్‌బుక్ ఎక్కడో పోయిందమ్మా. అయినా అవి ఫిట్టర్ల కబుర్లు. మ్యాథ్స్ కాదు. వేరే టాపిక్ తీసుకో" అన్నాడతను.

తీసుకుంది. ఇప్పుడు ఆ ఫిట్టర్ల కబుర్లే నలభై ఒకటో పేజీ.

ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చాక గురునాథరావు కూతురిని ఏమీ అడగలేదు. గున్నమ్మే రోజంతా శశిధర్‌ని తిట్టిపోసేది. "ఒగ్గెయ్యే. ఆఫీసరు కొడుకు. ఆల్లతో మనకేటి?" అని ఆఖరికి తనే అనేది. శశిధర్ తండ్రి రామచంద్రరావు ఒకప్పుడు అదే రోలింగ్ మిల్లులో పెద్ద ఆఫీసరు. ఇప్పుడు తెలుగు సంఘానికి అధ్యక్షుడు.

ఒక సాయంత్రం గురునాథరావు కళ్లద్దాలు పెట్టుకుని ఆ నీలి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చదివింది పలాస దగ్గర పల్లెటూరి బడిలో, ఎనిమిది దాకా. ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు. నలభై ఒకటో పేజీలో షిమ్ముల వరస మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్లాడు. మధ్యలో వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఇందల మూడు ముప్పావు నేదు" అన్నాడు.

భాగ్యరేఖ వంగి చూసింది. మూడు, మూడుంపావు, మూడున్నర, నాలుగు. నిజమే. మూడున్నర తర్వాత తిన్నగా నాలుగు.

గురునాథరావు లేచి పెట్టె తెచ్చి మూత తీశాడు. ఇరవై ఒక్క అరలు. పన్నెండో అర ఖాళీ. ఆయన లోపలి గదిలోకి వెళ్లి గున్నమ్మ బీరువా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అక్కడ గచ్చు కుంగింది. ఎడమ ముందు కాలి కింద, మూడేళ్లుగా దుమ్ము పట్టి, ఒక రేకు ముక్క ఉంది. గోటితో దుమ్ము గీకాడు. దాని మీద పంచితో కొట్టిన అంకెలు కనబడ్డాయి. మూడు, డెబ్బై ఐదు.

"నువ్వు రాసేటికి ఇది ఇక్కడే ఉంది" అన్నాడు.

భాగ్యరేఖ గోడకి చేరగిలబడింది. తను ఆ రోజు లెక్క ప్రకారం రాయలేదు. పెట్టెలో ఉన్నవి ఉన్నట్టు దింపింది. లేనిది రాయలేదు. శశిధర్ దాన్ని లెక్క చూసుకోకుండా ఎత్తాడు. ఖాళీ అరతో సహా ఎత్తుకుపోయాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఇంటర్వ్యూ తర్వాత అదే మొదటిసారి. 'నువ్వు దొంగవా' అని నలుగురిలో అడిగితే వాడు ప్రూఫ్ ఏదంటాడు. అది అక్కడి ప్రశ్న. దానికి సరిజోడు ప్రశ్న ఈ పెట్టెలో ఉంది. 'మూడు ముప్పావు ఏదీ?' ఇదడిగితే చాలు. జవాబు అదే.

"నాన్నా, ఆదివారం ఇక్కడ మన ఊళ్లో ఈ పుస్తకానికి ఆవిష్కరణ సభ ఉంది. సెక్టర్ సెవెన్ హాల్లో. వాళ్ల నాన్నే అధ్యక్షత."

"ఫోన్లో అడిగీ" అంది గున్నమ్మ.

"ఫోన్లో కాదు. నన్ను నలుగురిలో దొంగని చేశాడు. నలుగురిలోనే తేలాలి."

గురునాథరావు కాసేపు పెట్టె మూత నిమిరాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి రెండు ఇనప దిమ్మలు వెతికి, ఒక పలక మీద ఎదురెదురుగా బోల్టులతో బిగించడం మొదలుపెట్టాడు. గేజి పెట్టి చూసి సడలించాడు, మళ్లీ బిగించాడు. మధ్యలో సందు సరిగ్గా మూడు పాయింట్ ఎనిమిది.

ఆదివారం పదింటికి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి. సగానికి పైగా రిటైరైన మిల్లు మనుషులే. ఫిట్టర్లు, రిగ్గర్లు, క్రేను ఆపరేటర్లు. పుస్తకం ఒక్కటీ చదవరు గాని టీ, మిక్చరూ ఉంటాయని, పాత మొహాలు కనిపిస్తాయని వస్తారు. వచ్చినవాళ్లందరికీ నీలి పుస్తకం ఉచితంగా పంచారు. గున్నమ్మ మొహమాటం లేకుండా రెండు తీసుకుంది.

"ఏటి గున్నమ్మా, లెక్కలు నేర్సుకుంతావా?" అన్నాడు ఆ వరసలో కూర్చున్న పరబ్రహ్మం. గురునాథరావుతో పాతికేళ్లు ఒకే షిఫ్టులో చేసిన మనిషి.

"కాయితాలు దళసరిగున్నాయి అన్నయ్యా, పనికొస్తాయి" అంది గున్నమ్మ.

శశిధర్ పట్టు లాల్చీలో మైకు ముందుకి వచ్చాడు. బాగా మాట్లాడాడు. గణితం ఆకాశం నుంచి ఊడిపడలేదని, మన భిలాయి నేలలోంచి కూడా పుడుతుందని అన్నాడు. "చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని మిల్లులో తిరిగేవాణ్ణి. అక్కడ చూసిన ఒక షిమ్ముల పెట్టె నా మనసులో ఉండిపోయింది. అదే ఈ పుస్తకానికి గుండెకాయ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. భాగ్యరేఖ కొట్టలేదు. ఆ అబద్ధం పూర్తిగా బయటికి వచ్చేదాకా ఓపిగ్గా ఆగింది. తర్వాత లేచి నిలబడింది.

"ప్రశ్న అడగొచ్చా సార్?"

శశిధర్ ఆమెని గుర్తుపట్టాడు. చిరునవ్వు చెరగనివ్వలేదు. "మా స్టూడెంటే. అడుగమ్మా."

"ఆ పెట్టెలో షిమ్ములెన్ని?"

"ఇరవై. పేజీ నలభై ఒకటిలో ఉన్నాయి."

"ఒకటి నుంచి ఆరు దాకా, పావు తేడాతో?"

"అవును."

పరబ్రహ్మం వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఇంకో నలుగురు కూడా మడిచారు. "ఇరవై ఒకటి అవ్వాల కదేటి బాబూ? ఒకటి గల్లంతయిందే?" అన్నాడు పరబ్రహ్మం పెద్దగా. హాల్లో పేజీలు తిరిగిన చప్పుడు.

"మూడు ముప్పావు ఏదీ సార్?" అంది భాగ్యరేఖ.

శశిధర్ పేజీ చూశాడు. ఒక్క క్షణం పెదవులు కదిలాయి. "ఓ, అదా. ప్రింటింగ్ మిస్టేక్. వచ్చే ఎడిషన్‌లో సరిచేస్తాం."

భాగ్యరేఖ కోరుకున్న జవాబు అదే.

"మిస్టేక్ అయితే మీ జవాబు నాలుగెలా వచ్చింది సార్? సందు మూడు పాయింట్ ఎనిమిది. దగ్గరది తియ్యాలన్నారు. మూడు ముప్పావు పెట్టెలో ఉంటే దగ్గరది అదే కదా. నాలుగు రాదు. అది లేని పెట్టె ముందు పెట్టుకుని రాసినవాళ్లకే నాలుగు వస్తుంది."

టీ కెటిల్ మూత ఎక్కడో టకటకలాడింది.

"ఇంకో సంగతి. నాలుగు ఆ సందులో దూరనే దూరదు. పిండిమిల్లులో ఒక్క పూట నిలబడినా తెలిసేది."

"భాగ్యరేఖా, యే సబ్ బాద్ మే. ఇవన్నీ తర్వాత. ఇది సభ..." అన్నాడు శశిధర్.

"నాన్నా" అని పిలిచిందామె.

గురునాథరావు రెక్సిన్ సంచి పట్టుకుని నడిచాడు. వేదిక మీద రామచంద్రరావుని చూడగానే అలవాటు కొద్దీ చెయ్యి నుదుటికి వెళ్లింది. "నమస్తే సార్" అని, ఆయన ముందున్న బల్ల మీద పూలగుత్తి పక్కకి జరిపి, ఇనప దిమ్మలు పెట్టాడు. పక్కన పెట్టె తెరిచాడు. నాలుగు తీసి సందు దగ్గర ఆనించాడు. అది ఎక్కలేదు. మూడున్నర పెట్టాడు. దూరింది, వదులుగా కదిలింది. తర్వాత పన్నెండో అర మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. ఖాళీ అర అందరికీ కనిపించింది.

గున్నమ్మ కొంగు ముడి విప్పుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. "ఓలమ్మో, ఇదెక్కడో పోనేదు బాబూ. మా బీరువా కాలికింద మూడేళ్లుగా ఉంది. పొద్దున్నే తీసి కడుక్కొచ్చినాను" అని రేకు ముక్క బల్ల మీద పెట్టింది.

రామచంద్రరావు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు మిల్లు నడిపిన మనిషి. అంకె చూశాడు, అంచు బొటనవేలితో తడిమాడు, సందులో పెట్టి తోశాడు. సర్రుమని జారి లోపలికి కూర్చుంది. ఆయన తలెత్తి కొడుకు వైపు తిరిగాడు.

"శశీ, నిన్ను నేనెప్పుడు తీసుకెళ్లాను మిల్లులోకి?" అన్నాడు.

శశిధర్ మైకు పక్కకి తిప్పాడు.

"నిప్పు దగ్గరకి పిల్లల్ని రానిచ్చేవాణ్ణి కాదు. మీ అమ్మని కూడా రానివ్వలేదు. ఎప్పుడు చూశావు ఆ పెట్టె?"

"నాన్నగారూ, బయటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇక్కడే" అంది భాగ్యరేఖ. "సారీ నాకొద్దు సార్. ఉత్తరం కావాలి. నన్ను అనుమానించినవాళ్ల పేరు మీద, మీ చేత్తో, ఇప్పుడే."

సంఘం కార్యదర్శి లెటర్‌హెడ్ కాగితం తెచ్చాడు. ఎవరు తెమ్మన్నారో ఎవరికీ గుర్తులేదు. శశిధర్ వేదిక మీద, తన బొమ్మ ఉన్న బ్యానరు కింద కూర్చుని రాశాడు. మెడ మీద చెమట లాల్చీలోకి దిగింది. రాసింది భాగ్యరేఖ చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది.

"'కొన్ని ఉదాహరణలు' అని రాశారు. 'కొన్ని' కొట్టెయ్యండి. ఆ అధ్యాయం మొత్తం నాదే."

కొట్టేశాడు.

"నాలుగు అన్న తప్పు కూడా భాగ్యరేఖదే, నాది కాదు, చూసుకోకుండా ఎత్తి రాశాను అని రాయండి."

శశిధర్ తలెత్తాడు. "తప్పు కూడానా?"

"తప్పు కూడా సార్. అది నేను చేసిన తప్పు, నేను దిద్దుకున్న తప్పు. అది కూడా మీది కాదు."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది. శశిధర్ రాశాడు. రామచంద్రరావు కలం అడిగి తీసుకుని, కింద సాక్షిగా సంతకం చేసి, కొడుకు వైపు చూడకుండా వేదిక దిగిపోయాడు. దారిలో గురునాథరావు పక్కన ఒక్క నిమిషం ఆగాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

శశిధర్ మొహం చూసి జాలి పడాలేమోనని భాగ్యరేఖ తన లోపల వెతుక్కుంది. దొరకలేదు. ఆ ఇంటర్వ్యూలో తనకి దొరికిన జాలి గుర్తొచ్చింది. ఆకలి తీరినవాడు విస్తరి చూసినట్టు అతని వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

బయట గేటు దగ్గర పరబ్రహ్మం పొట్లంలోంచి మిక్చరు గురునాథరావు చేతిలో పోస్తూ, "గుంట నోరు గట్టిదే గురూ. నీ పోలిక కాదు" అన్నాడు.

"నా పోలికే. ఆయన మాట్లాడకపోతే నేను మాట్లాడాల్సొచ్చింది" అంది గున్నమ్మ.

ఇంటికి వచ్చేసరికి బీరువా ఎడమవైపుకి ఒరిగి ఉంది. తలుపు దానంతటదే తెరుచుకుని చీరలు కనిపిస్తున్నాయి.

"ఆ ముక్కిలా తే, మళ్లీ పెట్టేద్దాం" అంది గున్నమ్మ.

"అది పెట్టెలోదే" అన్నాడు గురునాథరావు. మూడు ముప్పావుని లుంగీ అంచుతో తుడిచి పన్నెండో అరలో పెట్టాడు. అది టక్కున కూర్చుంది.

భాగ్యరేఖ నీలి పుస్తకం తెరిచింది. నలభై ఒకటో పేజీ దగ్గర మొదలుపెట్టి, ఆ అధ్యాయమంతా ఒక్క లాగుతో చింపింది. గున్నమ్మ కళ్లు మెరిశాయి. రెండో పుస్తకం కూడా అందించింది. గురునాథరావు కాగితాలు మడిచి, అరచేత్తో ఒత్తి, బీరువాని భుజంతో ఎత్తిపట్టి, కాలికింద పెట్టి చూశాడు. పలచనైంది. ఇంకో నాలుగు పేజీలు చేర్చాడు. బీరువా నిలబడింది. తలుపు మూసుకుంది.

"ఇంకోటి పెట్టు నాన్నా" అంది భాగ్యరేఖ. ఆమె చేతిలో శశిధర్ బొమ్మ ఉన్న ఆఖరి పేజీ ఉంది.

ఆయన దాన్ని మడిచి తోశాడు. ఎక్కలేదు. మళ్లీ తోశాడు.

"దూరదు" అన్నాడు. "ఇక్కడికి ఇప్పుడు పెట్టిందే పెద్దది."

భాగ్యరేఖ ఆ పేజీ ఉండచుట్టి పొయ్యి కింద మంటలో పెట్టి, టీకి నీళ్లు ఎక్కించింది.